అన్నీ తెలిసిన అమోటి

బుధవారం పదిన్నరకి, టీ విరామంలో, మా ఆయన పొద్దున నా సంచిలో దాచిపెట్టిన చెరకు ముక్క నములుతూ ఉండగా కంపాలా నుంచి ఈమెయిల్లో శుభవార్త వచ్చింది. మా బడి పిల్లలు రాసిన వ్యాసాల్లో నాలుగు, అక్కడ వేస్తున్న పుస్తకానికి ఎంపికయ్యాయి. దేశం మొత్తం మీద నాలుగు వందలకి పైగా వెళ్తే, అచ్చయ్యేవి పద్దెనిమిది. ఆ పద్దెనిమిదిలో మావి నాలుగు.

స్టాఫ్‌రూమ్‌లో లెక్కల టీచర్ ఒక్కరే ఉన్నారు. ఆయన్ని కుర్చీలోంచి లేపి చేతులు పట్టుకుని రెండు సార్లు గిర్రున తిప్పాను. తర్వాత మా ఆయనకి ఫోన్ చేశాను. పెళ్లయి నలభై రెండు రోజులైంది, ఇంకా లెక్కపెడుతూనే ఉన్నాను. ఏ చిన్న సంగతైనా ముందు ఆయన చెవిన పడితేనే అది జరిగినట్టు నాకు. ఆయన ఇక్కడ ఫోర్ట్ పోర్టల్ రేడియోలో ఒంటి గంట వార్తలు చదువుతారు. అంత గంభీరమైన గొంతుతో "అయితే రాత్రికి కోడి కోయాల్సిందే అబ్వోలీ" అన్నారు. ఆ మాటకి ఇంకో చెరకు ముక్క నమిలినంత తీపి.

ఫోన్ పెట్టేశాక ఉత్తరంలో రెండో సగం చదివాను.

నాలుగు వ్యాసాలూ బాగున్నాయట. కొబుగాబె అనే అమ్మాయి సంకటి బుట్టల మీద రాసినది, ముఖ్యంగా బుట్ట మీది నల్లటి వంకర గీత ఆవులు నీళ్లకి వెళ్లే దారి అని చెప్పిన భాగం, అందరికీ నచ్చిందట. అయితే ఒక సందేహం. బుసింగె అనే అబ్బాయి రాజుగారి డోలు చరిత్ర రాశాడు. చివర 'చెప్పినవారు: అమోటి' అని ఉంది. పొగబెట్టిన కుండలో పాలు ఎందుకు విరగవో కాహ్వా రాశాడు, చెప్పినవారు అమోటి. తేయాకు కోసే చేతికీ అమ్మే చేతికీ మధ్య ఏం జరుగుతుందో రుహ్వేజా రాశాడు; చెప్పినవారు అమోటి. కొబుగాబె బుట్టలకీ అమోటే.

'ఈ అమోటి ఒకే జన్మలో రాజుగారి డోలు మోసి, పాలకుండలకి పొగపెట్టి, పాతికేళ్లు తేయాకు కోసి, తీరిక దొరికినప్పుడు బుట్టలు అల్లినట్టు కనబడుతోంది' అని రాశారు సంపాదకుడు. 'ఇలాంటి వ్యక్తి ఉన్నారా, పిల్లలు కల్పించారా, లేక నాలుగు వ్యాసాలూ ఒక్కరే రాశారా అన్నది మాకు తెలియాలి. రేపు సాయంత్రం నాలుగు గంటలలోగా ఒక్కొక్క వ్యాసానికి చెప్పినవారి పూర్తి పేరు, వయసు, ఊరు పంపండి. వివరాలు రాని వ్యాసాన్ని తీసేయక తప్పదు.'

నేను తల పట్టుకుని కూర్చున్నాను.

తప్పు కంపాలా వాళ్లది కాదు. వాళ్లకి ఈ తోరో ప్రాంతం మర్యాదలు ఎలా తెలుస్తాయి? మా జింజా వైపు నుంచి ఉద్యోగానికి వచ్చిన కొత్తలో నాకూ తెలియలేదు. ఇక్కడ ప్రతి మనిషికీ సొంత పేరు కాక ఒక ఎంపాకో ఉంటుంది, ప్రేమకీ గౌరవానికీ పిలిచే పేరు. అన్నీ కలిపితే పన్నెండే. అందులో ఒకటి రాజుగారికి పోగా మిగిలిన పదకొండుతో ఆడా మగా, చిన్నా పెద్దా, ఊరంతా సర్దుకుంటుంది. పెద్దవాళ్లని సొంత పేరుతో పిలవడం అంటే చెంప మీద కొట్టడంతో సమానం. పెళ్లిలో నాకు అబ్వోలి అని పెట్టారు. సంతలో ఎవరైనా ఆ పేరుతో కేకేస్తే నలుగురు ఆడవాళ్లూ ఒక మేకలవాడూ తిరిగి చూస్తారు, నేనూ తిరుగుతాను. ఆ తిరగడం కోసమే ఒక్కోసారి పని లేకపోయినా సంతకి వెళ్తాను.

తప్పు నాది. పుస్తకాల్లోంచి ఎత్తి రాయకూడదు, పెద్దవాళ్లని అడిగి రాయాలి అన్న నియమం పెట్టింది నేను. 'చెప్పినవారిని మర్యాదగా రాయండి' అని నల్లబల్ల మీద రాసిందీ నేనే. పిల్లలు మర్యాదగా రాశారు. ఆ వ్యాసాలు దిద్దింది సరిగ్గా పెళ్లి వారంలో. అమోటి అన్న మాట నాలుగు చోట్ల కనబడితే, అబ్బ ఎంత ముద్దుగా రాశారో అనుకుని, నాలుగు చోట్లా పక్కన ఎర్ర పెన్నుతో చిన్న పువ్వు వేశాను. వేరే వారంలో దిద్ది ఉంటే బుర్ర పనిచేసేదేమో.

నలుగురినీ పిలిపించాను. మొదట బుసింగెని అడిగాను, నీ అమోటి ఎవరని.

"అమోటి అంటే మా తాతే టీచర్."

"తాతగారి పేరు?"

వాడు నన్ను, నేనేదో అనరాని మాట అన్నట్టు చూశాడు. "తాత పేరు నేనెలా అంటాను టీచర్?"

"అనకు. ఈ కాగితం మీద రాయి."

"రాస్తే అన్నట్టు కాదా?"

"బుసింగె, నీకు అసలు ఆ పేరు తెలుసా?"

వాడు కాసేపు కిటికీలోంచి చూసి, తెలీదు టీచర్ అన్నాడు. ఇంట్లో ఎవరినైనా అడగరా అంటే, ఎవరిని అడిగినా వీపు పగులుతుందన్నాడు. రుహ్వేజా పరిస్థితి ఇంకా అన్యాయం. వాడు తేయాకు తూకం దగ్గర వరసలో నిలబడిన ఒక పెద్దావిడతో మూడు శనివారాలు మాట్లాడాడు. ఆవిడ కోసే పొలాలు, ఆవిడ మోకాలి నొప్పి, గంపకి ఎంత తరుగు తీస్తారో అన్నీ రాసుకున్నాడు. పేరు మాత్రం అమోటి. ఇల్లు ఎక్కడో తెలియదు.

కాహ్వా దగ్గర ఫోన్ నంబరు ఉంది. దేవుడు కరుణించాడనుకుని నా ఫోన్ నుంచే చేశాను. ఎత్తిన పెద్దాయన ముందు నా ఎంపాకో అడిగారు. అబ్వోలి అన్నాను. ఎంత మంచి పేరో అన్నారు. ఎవరింటి కోడలివని అడిగారు. చెప్పాను. మీ మామగారి మేనమామతో నేను చేపలకి వెళ్లేవాడినని మొదలుపెట్టారు. చేపలు పట్టడం, వాటిని కాల్చడం, తినడం పూర్తయ్యేసరికి బడి గంట కొట్టారు. ఆ గంట మోతలో నేను అసలు సంగతి అడిగాను.

"పేరా? ఎందుకమ్మా, ఎవరైనా పోయారా?"

ఎవరూ పోలేదని, పుస్తకంలో వేస్తారని చెప్పాను.

"అయితే అమోటి అని వేయండి. ఊళ్లో అడిగితే ఎవరైనా చెప్తారు."

కంపాలాలో చెప్పరని బతిమాలాను. ఆయన భార్యని కేకేశారు. మొగుడి పేరు నా నోటితో చెప్పమంటావా అని ఆవిడ దూరం నుంచే మండిపడటం నాకు వినబడింది. చివరికి ఆయన గుర్తింపు కార్డు వెతుక్కుని, అద్దాలు వెతుక్కుని, అద్దాల మీద ధూళి తుడుచుకుని, తన పేరు ఎవరిదో చదువుతున్నట్టు ఒక్కో అక్షరం చదివారు. ఒక్క పేరుకి నలభై నిమిషాలు పట్టింది. అలా ఒకటి దొరికింది. మూడు మిగిలాయి.

మధ్యాహ్నం తిండికి ముందు మా ఆయనకి మళ్లీ ఫోన్ చేసి నా గోడు చెప్పుకున్నాను. ఓదార్పు కోసమే చేశాను. ఆయన ఓదార్చకుండా ఉపాయం చెప్పారు. ఆయన్ని ఎంపాకో పెట్టి పిలిచి, వద్దు అరాలీ, నీ కాళ్లు పట్టుకుంటా, ఆ పని చేయకు అన్నాను. సరే అన్నారు. ఆ సరే ఎలాంటిదో నలభై రెండు రోజుల్లో నాకు అర్థమై ఉండాల్సింది.

ఒంటి గంట వార్తల చివర, వానల సంగతికీ చావుకబుర్లకీ మధ్య, ఆ గంభీరమైన గొంతు ఇలా చదివింది: బడిపిల్లలకి చరిత్ర, శాస్త్రం, వ్యాపారం, కళల గురించి చెప్పిన అమోటిగార్లు దయచేసి ఈ మధ్యాహ్నం బడి ఆఫీసుకి రావాలి.

రెండున్నరకల్లా ఆవరణలో ఇరవై మూడు మంది అమోటిలు ఉన్నారు.

కర్రలతో వచ్చినవాళ్లు, బోడా అనే అద్దె మోటారుసైకిల్ మీద ఇద్దరిద్దరుగా వచ్చినవాళ్లు, పొలం నుంచి బూట్లతో సహా వచ్చినవాళ్లు, సంత నుంచి బతికున్న కోడిని చంకలో పెట్టుకుని వచ్చిన ఒకావిడ. వాళ్లలో సగం మంది మా పిల్లల ముఖమైనా చూడలేదు. మరి ఎందుకు వచ్చారని అడిగితే, అమోటి అని పిలిచాక రాకపోతే ఎలా అన్నారు. మిగతా సగం మంది తమ దగ్గర కూడా చెప్పదగ్గ విషయాలు ఉన్నాయన్నారు. ఒకాయన తొంభై నాలుగులో వచ్చిన భూకంపం గురించి అప్పుడే మొదలుపెట్టేశారు. హెడ్మాస్టరు బయటికి వచ్చి, గుంపుని చూసి, నన్ను చూసి, వీళ్లందరికీ టీ ఎవరు పెడతారు టీచర్ అని నీరసంగా అడిగారు. నేనే పెట్టాను. మా ఆయన మీద పళ్లు నూరుతూ ఇరవై మూడు కప్పుల టీ కలిపాను. అప్పుడు కూడా, ఇంత పిచ్చిపని ఒక్క నా మొగుడే చేయగలడని మనసులో ఒక మూల గర్వంగానే ఉంది. అది ఎవరికీ చెప్పలేదు.

నిజానికి ఉపాయం పనిచేసింది. బుసింగె తాతగారు వచ్చారు. మనవడిని బయటికి పంపించి, తలుపు వేయించి, తన పేరు నా చెవిలో చెప్పారు. తేయాకు పెద్దావిడ కుంటుకుంటూ వచ్చింది. ఆవిడ పేరు చెప్పడానికి ఏమీ మొహమాటపడలేదు. తోట గుమస్తా పాతికేళ్లుగా ఆ పేరుతోనే తిడుతున్నాడట.

ఇంకొక్కటి మిగిలింది.

కొబుగాబె పొద్దున నుంచి గోడకి ఆనుకుని నిలబడే ఉంది. వచ్చిన ప్రతి అమోటినీ చూసి తల అడ్డంగా ఊపింది. ఈ పిల్ల వ్యాసం పోతే ఊరికే వ్యాసం పోవడం కాదు. బొమ్మలు గీయడం, బుట్టల చరిత్రలు రాయడం తిండి పెట్టవు, వచ్చే టర్మ్ నుంచి ఆర్ట్ మానేసి వ్యాపార లెక్కలు తీసుకో అని వాళ్ల నాన్న చెప్పాడు. పిల్ల ఏడిస్తే, సరే, ఆ రాతలో పస ఉందని బయటివాళ్లు ఒక్కరైనా అంటే అప్పుడు చూద్దాం అన్నాడు. అచ్చయిన పుస్తకం ఆయన చేతిలో పెట్టాలన్నదే దాని ఆశంతా.

మీ అమోటి ఎక్కడుంటారో చెప్పు, నేనే వెళ్తాను అన్నాను.

"సాకా చెరువు దారిలో టీచర్. నీలం గేటు. ముందు అవకాడో చెట్టు ఉంటుంది. చెట్టు కింద విరిగిన సోఫా."

ఆ సోఫా మీద నిన్న సాయంత్రం నేను, మా ఆయన ఒకే దుప్పటి కప్పుకుని వాన చూశాం.

"అది మా ఇల్లు కదే."

"అవును టీచర్. మీ అత్తగారే."

"ఈ మాట పొద్దున్నే చెప్పొచ్చు కదా."

"మీకు తెలుసనుకున్నా టీచర్. పక్కన పువ్వు వేశారు కదా."

మా అత్తగారు బుట్టలు అల్లుతారని నాకు తెలుసు. కానీ ఈ దారిలో ప్రతి రెండో ఇంట్లో అల్లుతారు. ఆవిడ ఎంపాకో అమోటి అని తెలుసు. అయితే ఆవరణలో ఇంకా పదకొండు మంది అమోటిలు టీ తాగుతున్నారు. తెలియనిది ఒక్కటే, ఆవిడ పేరు. ఒకే ఆవరణలో ఉంటూ నలభై రెండు రోజులుగా ఆవిడ చేతి వంట తింటున్నాను, ఆవిడ పేరు నాకు తెలియదు. పెళ్లి పత్రిక మీద కూడా అమోటి అనే ఉంది.

సాయంత్రం మా ఆయన గేటు దగ్గరే ఎదురొచ్చారు. చేతిలో కోడి. నవ్వబోయి నా ముఖం చూసి ఆపేశారు. మీ అమ్మ పేరు చెప్పు అన్నాను.

"నాకు తెలుసు. కానీ నా నోటి నుంచి రాదు అబ్వోలీ."

"ఊరంతటినీ రేడియోలో పిలిచిన నోరు కదా."

"ఊరు వేరు, అమ్మ వేరు."

అమ్మ వార్తలు వినలేదా అంటే విందట. ఒంటి గంటకి నవ్వుకుని రేడియో కట్టేసి, మళ్లీ అల్లుకుందట. నాకు ఒళ్లు మండిపోయింది. ఇరవై మూడు మంది కర్రలు పట్టుకుని వస్తే, రావలసిన ఒక్క మనిషీ గడప దాటలేదు.

మా అత్తగారు వరండాలో చాప మీద కూర్చుని ఉన్నారు. ఒళ్లో సగం అల్లిన బుట్ట, నోట్లో పొడవాటి సూది, పక్కన తడిపిన నార. చుట్టూ మూతలున్న చిన్న చిన్న బుట్టలు. రాగి సంకటి వీటిలోంచి తీసి పెడితేనే సంకటి అంటారావిడ, పళ్లెంలో పెట్టింది ఆవిడ దృష్టిలో తిండే కాదు. నేను మోకాళ్ల మీద కూర్చుని, వీలైనంత మెత్తగా, మొత్తం చెప్పాను. కంపాలా, నాలుగు గంటలు, కొబుగాబె, వాళ్ల నాన్న. ఆవిడ ఒక వరస పూర్తిచేశారు. తర్వాత సూది పక్కన పెట్టారు.

"నా పేరు కింద ఏం రాశారో నాకెవరైనా చదివి వినిపించారా అబ్వోలీ?"

ఎవరూ వినిపించలేదు. నలుగురు పిల్లల్లో ఏ ఒక్కరూ రాసినది తిరిగి తీసుకెళ్లి చెప్పినవాళ్లకి చదివి వినిపించలేదు. అలా చేయాలని నేను నల్లబల్ల మీద రాయలేదు.

వ్యాసం నా సంచిలోనే ఉంది. అది ఇంగ్లీషులో ఉంది. నేను తడుముకుంటూ ఆవిడ భాషలోకి మార్చి చదివాను. నా మాటల్లో తప్పులు వస్తే మా ఆయన వంటింట్లోంచి సరిచేస్తున్నారు. బుట్ట అడుగున చుక్క ఇంకా పుట్టని బిడ్డకి గుర్తు అని ఉన్న చోట ఆవిడ కనుబొమలు లేచాయి. ఊదారంగు చుట్టు రాజుగారి కొండ అన్న చోట పెదాలు బిగించారు. నల్లటి వంకర గీత, తరతరాలుగా ఆవులు చెరువుకి నడిచిన దారి అన్న చోట, కంపాలా వాళ్లకి అన్నిటికంటే నచ్చిన ఆ చోట, ఆవిడ ఇంక ఆపుకోలేకపోయారు. బుట్ట ఒళ్లోంచి జారిపోయేదాకా నవ్వారు.

"ఇదంతా నేను చెప్పానని రాసిందా?"

"మీరు చెప్పలేదా అమోటీ?"

"ఆ పిల్ల నల్లది ఏంటి, నల్లది ఏంటి అని ఐదుసార్లు అడిగింది. ఊదారంగు పొడి అయిపోయింది, సంత ఇంకా నాలుగు రోజులుంది, అందుకని నల్లది వేశానని చెప్పా. రాసుకోలేదు. అలా నా ముఖంలోకి చూస్తూ కూర్చుంది. జాలేసింది. సరేలే, ఆవుల దారి అన్నా. గబగబా రాసేసుకుంది."

ఆ క్షణాన నాకు కొబుగాబె మీద, మా అత్తగారి మీద, ఎర్ర పెన్ను మీద, అన్నిటి మీదా విసుగొచ్చింది. పేరు పంపితే, ఆవిడ చెప్పని మాటకి ఆవిడని సాక్షిగా పెట్టినట్టు. పంపకపోతే వ్యాసం పోతుంది, పిల్ల వెళ్లి వ్యాపార లెక్కల్లో కూర్చుంటుంది. చిన్న మాటే కదా అమోటీ, అందరికీ నచ్చింది, ఈ ఒక్కసారికి ఒప్పుకోకూడదా అని అడిగేశాను. అడుగుతూ ఉండగానే సిగ్గేసింది.

"నా పేరు చిన్నప్పుడు మా నాన్న పెట్టాడు. ఆయన పోయాక ఎవరూ పిలవలేదు. మొదటిసారి బయటికి తీస్తూ దాన్ని ఆవుల కింద పడేయమంటావా?"

వంటింట్లో గరిట చప్పుడు ఆగిపోయింది. ఇంకేం చేయాలో తోచక, అసలు ఆ నల్లగీత సంగతి ఏంటని అడిగాను. నిజంగానే అడిగాను, పేరు కోసం కాదు.

ఆవిడ బుట్ట మళ్లీ ఒళ్లోకి తీసుకున్నారు. అల్లడం మొదలుపెట్టేముందే రంగు నార ఎన్ని చుట్లకి వస్తుందో వేళ్ల మీద లెక్క వేసుకోవాలట. చాలా ఏళ్ల కిందట ఒకసారి ఆ లెక్క తప్పింది. మూత అంచు దగ్గర ఊదారంగు అయిపోయింది. ఇంట్లో ఉన్న నల్ల నారతో, అతుకు కనబడకుండా ఉండాలని గీతని వంకరగా తిప్పి ముగించారు. ఆ బుట్టని సంతలో పెడితే ఒకావిడ కొనుక్కుని, పెళ్లికి తీసుకెళ్లింది. పెళ్లిలో చూసినవాళ్లు అలాంటివే కావాలన్నారు. పక్కింటి వాళ్లు నేర్చుకున్నారు, వాళ్ల కోడళ్లు నేర్చుకున్నారు. ఇప్పుడు సంతలో నల్ల అంచు లేని బుట్టకి ధర పలకదు.

"అంటే ఊళ్లో అందరూ వేస్తున్న ఆ అంచు మీ రంగు అయిపోవడం వల్ల వచ్చిందా?"

"మరి? ఆవుల వల్ల వచ్చిందా?"

ఇది ఆవుల దారి కంటే ఎంత బాగుందో ఆవిడకి ఎలా చెప్పాలో తెలియలేదు. కళల వ్యాసం అనుకున్నదాంట్లోనే సంత, ధర, లెక్క అన్నీ ఉన్నాయి. కొబుగాబె వాళ్ల నాన్న కూడా కాదనలేడు. పిల్ల ఎదురుగా కూర్చుని, చెవిన పడ్డ నిజాన్ని వదిలేసి, అబద్ధం కోసం ఐదుసార్లు అడిగింది. అలా అడగమని నేర్పింది ఎవరో నన్ను అడక్కండి. ప్రతి గుర్తుకీ ఒక అర్థం ఉంటుంది, వదలకుండా అడగండి అని నల్లబల్ల మీద రాసింది కూడా నా చెయ్యే.

మా ఆయన కూర గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. నా కళ్లలో నీళ్లు, పెదాల మీద నవ్వు చూసి ఆయనకి ఏమీ అర్థం కాలేదు.

మా అత్తగారు సూదికి కొత్త నార ఎక్కించుకుంటూ, మేమిద్దరం అక్కడ ఉన్నామో లేమో అన్నట్టు చెప్పుకుపోయారు. రేపు పొద్దున ఎనిమిది గంటలకి ఆవిడే బడికి వస్తారు. ఆ మొదటి బుట్ట కొన్నావిడ ఇంట్లో ఇంకా ఉంది, దారిలో అడిగి తీసుకుంటారు. కొబుగాబెని పక్కన కూర్చోబెట్టుకుని ఆ భాగం మళ్లీ రాయిస్తారు. రాసింది రాసినట్టు, ఆవిడ భాషలో, పైకి చదవాలి. సరిపోకపోతే ఇంకోసారి రాయాలి. నాలుగు గంటలకి ఇంకా బోలెడు టైముంది.

"పేరు నేనే ఆ పిల్ల నోటుబుక్కులో రాస్తా. నువ్వు ఆ కాసేపు బయట నిలబడు. నీకు నేను అమోటినే."

నేను తల ఊపాను.

"వీడు రేడియోలో ఏమీ చెప్పకూడదు. పొద్దున ఏడున్నరకి బోడాలు రమ్మని చెప్పు. రెండు. ఒకటి బుట్టలకి."